టంగుటూరి ప్రకాశం: మద్రాసు జార్జిటౌన్‌లో ఒక జాతీయ నాయకుడి జీవితం

టంగుటూరి ప్రకాశం పంతులు (1872 ఆగస్టు 23 – 1957 మే 20) భారత స్వాతంత్ర్యోద్యమ నాయకుడు, బారిస్టరు, పత్రికా సంపాదకుడు, ఉమ్మడి మద్రాసు రాష్ట్ర ప్రధాని, ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రి. ప్రజలు ఆయనకు ‘ఆంధ్రకేసరి’ అన్న బిరుదు ఇచ్చారు. పుట్టింది ఒంగోలు సీమలో, చదివింది ఒంగోలు, రాజమండ్రి, మద్రాసు, లండన్‌లలో. ప్రజాజీవితంలో అత్యధిక భాగం మాత్రం మద్రాసులోనే గడిచింది. సౌకార్‌పేటకు తూర్పున ఉత్తర దక్షిణాలుగా సాగే పాత బ్రాడ్వే వీధికి ఇప్పుడు ఆయన పేరే ఉంది. దాని పేరు ప్రకాశం సాలై. ఆ వీధి దక్షిణపు కొసకు దగ్గర్లోనే హైకోర్టు, ప్యారీస్ కార్నర్ ఉన్నాయి. న్యాయవాదిగా ఆయన పేరు తెచ్చుకున్నదీ, సైమన్ కమిషన్ బహిష్కరణనాడు తుపాకులకు రొమ్ము చూపించినదీ అక్కడే.

ప్రకాశం అనగానే తెలుగువారికి 1928 నాటి ఆ దృశ్యమే గుర్తుకొస్తుంది. అది నిజంగా గొప్ప సాహసం. దానికి ఏడేళ్ళ ముందు నుంచే ఆయన మరో సాహసం చేస్తున్నారు. కోర్టులో లక్షలు తెచ్చిపెడుతున్న వృత్తిని విడిచిపెట్టి, కూడబెట్టినదంతా ‘స్వరాజ్య’ అనే దినపత్రికలో పోశారు. తుపాకీ ముందు నిలబడటానికి ఒక క్షణం తెగువ చాలు. రోజూ నష్టం వస్తుందని తెలిసీ పత్రికను నడపాలంటే ప్రతి ఉదయం ఆ తెగువ కావాలి. ఈ రెండోదాన్ని పక్కన పెట్టి చూస్తే ప్రకాశం జీవితం సగమే అర్థమవుతుంది.

రంగస్థలం: సౌకార్‌పేట, జార్జిటౌన్

ఈస్టిండియా కంపెనీ కోటకు ఉత్తరాన వెలసిన ‘నల్లవారి పట్టణమే’ తరువాత ఐదవ జార్జి పేరిట జార్జిటౌన్ అయింది. బ్రాడ్వేకు పడమటి భాగం పెద్దనాయకన్‌పేట, తూర్పు భాగం ముత్యాలపేట. పెద్దనాయకన్‌పేటలో, మింట్ వీధి చుట్టుపక్కల గుజరాత్, మార్వాడ్ ప్రాంతాల నుంచి వచ్చిన షావుకార్లు స్థిరపడిన చోటు సౌకార్‌పేట. వడ్డీ వ్యాపారం, బంగారం, బట్టలు, టోకు సరుకులు ఇక్కడి జీవనాధారాలు. వీరికంటే ముందు నుంచీ తెలుగు కోమట్లు, పెరికవారు, నాయుళ్ళు ఈ వీధుల్లో ఉన్నారు. గోవిందప్ప నాయకన్ వీధి, శుంకురామ శెట్టి వీధి వంటి పేర్లు వారి ఉనికిని ఇప్పటికీ చెబుతాయి. కొత్వాల్ చావడి దగ్గరి కన్యకా పరమేశ్వరి దేవస్థానం తెలుగు వైశ్యుల సంస్థ.

ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో తెలుగు జిల్లాలవారికి పెద్ద కోర్టు, పెద్ద అచ్చుకూటాలు, బ్యాంకులు, శాసనసభ అన్నీ మద్రాసులోనే ఉండేవి. అందుకే తెలుగు జాతీయోద్యమానికి ఈ ఊరు ఒక కేంద్రమైంది. 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్‌ను స్థాపించి కంపెనీ పాలన మీద పార్లమెంటుకు ఫిర్యాదులు పంపిన గాజుల లక్ష్మీనరసు చెట్టి ఈ ఊరి తెలుగు వర్తకుడే. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలుపెట్టిన ‘ఆంధ్రపత్రిక’ను 1914లో దినపత్రికగా మద్రాసుకు తెచ్చి, జార్జిటౌన్‌లోని తంబుచెట్టి వీధి నుంచి నడిపారు.

ఆఫ్రికాలో సాగిన పోరాటం కూడా ఈ వీధులకు కొత్తది కాదు. 1896 అక్టోబరు 26న యువ న్యాయవాది గాంధీ ఎస్ప్లనేడ్‌లోని పచ్చయప్ప హాలులో దక్షిణాఫ్రికా భారతీయుల కష్టాల గురించి ప్రసంగించారు. ట్రాన్స్‌వాల్ సత్యాగ్రహ కాలంలో అక్కడి ప్రభుత్వం ఓడలెక్కించి పంపేసిన సత్యాగ్రహులను ఆదుకున్నవారిలో ముఖ్యుడు జార్జిటౌన్ ప్రచురణకర్త జి.ఎ. నటేశన్. 1915లో గాంధీ దంపతులు మద్రాసు వచ్చినప్పుడు దిగింది ఆయన ఇంట్లోనే. ప్రకాశం రాజకీయ జీవితం ఇటువంటి ఊరిలో రూపు దిద్దుకుంది.

బాల్యం, చదువు

ప్రకాశం ఒంగోలు దగ్గరి వినోదరాయునిపాలెంలో నియోగి బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. తండ్రి గోపాలకృష్ణయ్య, తల్లి సుబ్బమ్మ. పదకొండేళ్ళ వయసు దాటకముందే తండ్రి పోయారు. సుబ్బమ్మ ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు పెట్టి పిల్లలను పోషించారు. ఆ రోజుల్లో సంప్రదాయ కుటుంబంలోని స్త్రీ అన్నం అమ్మి బతకడాన్ని లోకం చిన్నచూపు చూసేది. ఆమె లెక్కచేయలేదు. కొడుకు పరీక్ష రుసుముకు డబ్బు లేకపోతే తన పట్టుచీర తాకట్టు పెట్టారు. తరువాతి కాలంలో ప్రకాశం చేతికి వచ్చిన డబ్బును నిలవ ఉంచుకోకపోవడం, సాయమడిగినవారికి లేదనకపోవడం ఈ ఇంట్లో నేర్చుకున్న బుద్ధులే.

చదువు ఆగిపోకుండా నిలబెట్టినవారు ఉపాధ్యాయుడు ఇమ్మనేని హనుమంతరావు నాయుడు. ఆయన ఒంగోలు విడిచి రాజమండ్రికి వెళ్తూ ప్రకాశాన్ని కూడా వెంట తీసుకెళ్ళారు. నాయుడుగారికి నాటకాల పిచ్చి. చిలకమర్తి లక్ష్మీనరసింహం నాటకాలలో ప్రకాశం వేషాలు కట్టారు. వేలమంది ముందు తడబడకుండా మాట్లాడటం, గొంతు దూరానికి వినిపించేలా పలకడం అక్కడ అలవడ్డాయి. ఆ తరువాత మద్రాసులో న్యాయశాస్త్రం చదివి, రాజమండ్రిలో రెండో తరగతి ప్లీడరుగా పని మొదలుపెట్టారు. కొద్ది కాలంలోనే పేరు, డబ్బు వచ్చాయి. ముప్పై ఏళ్ళు దాటేసరికి రాజమండ్రి పురపాలక సంఘానికి అధ్యక్షుడయ్యారు.

రెండో తరగతి ప్లీడరుకు హైకోర్టులో వాదించే అర్హత లేదు. బారిస్టరు కావడమే దానికి దారి. మాంసాహారం ముట్టనని తల్లికి మాటిచ్చి 1904లో ఇంగ్లండు వెళ్ళారు. లండన్‌లో చదువుతూనే దాదాభాయి నౌరోజీ ఎన్నికల ప్రచారంలో పనిచేశారు. పరదేశపు రాజధానిలో కూర్చుని సొంత దేశం గురించి ఆలోచించే అవకాశం ఆ తరం ఆసియా, ఆఫ్రికా విద్యార్థులు ఎంతోమందికి లండన్‌లోనే దొరికింది. 1907లో ప్రకాశం బారిస్టరుగా తిరిగివచ్చి మద్రాసులో స్థిరపడ్డారు.

బారిస్టరు ప్రకాశం

అప్పటి మద్రాసు హైకోర్టులో పేరున్న న్యాయవాదులు ఎక్కువగా తెల్లవారు, తమిళులు. తెలుగు బారిస్టర్లు బహు తక్కువ. ప్రకాశం సివిలు, క్రిమినలు రెండు వైపులా నెగ్గుకొచ్చారు. ‘లా టైమ్స్’ అనే న్యాయ పత్రికకు సంపాదకత్వం వహించారు. తెలుగు జిల్లాల నుంచి అప్పీళ్ళు మోసుకొచ్చే కక్షిదారులకు తమ భాషలో మాట్లాడే బారిస్టరు దొరకడం పెద్ద ఊరట. ఆదాయం ఏటికేడు పెరిగింది. ఇళ్ళు, స్థలాలు కొన్నారు. ఊటీలోనూ ఆస్తి ఏర్పడింది.

మద్రాసుకు వచ్చిన తొలి ఏడాదే ఆయన రాజకీయ స్వభావం బయటపడింది. వంగ విభజన వ్యతిరేక ఉద్యమ నాయకుడు బిపిన్ చంద్రపాల్ 1907లో మద్రాసు సముద్రతీరంలో ఉపన్యాసాలిచ్చారు. సర్కారు కంట పడతామన్న భయంతో పెద్దమనుషులు అధ్యక్షత వహించడానికి వెనుకాడితే, అప్పుడప్పుడే ప్రాక్టీసు మొదలుపెట్టిన ప్రకాశం ముందుకొచ్చారు. 1911 జూన్‌లో తిరునెల్వేలి కలెక్టర్ ఆష్‌ను మణియాచ్చి స్టేషనులో వాంచినాథన్ కాల్చి చంపాడు. దరిమిలా మద్రాసు హైకోర్టులో సాగిన కుట్ర కేసులో ముద్దాయిల తరఫు న్యాయవాదుల్లో ప్రకాశం ఉన్నారు. రాజద్రోహం మోపిన మనుషుల పక్షాన నిలబడటం అప్పట్లో ఏ న్యాయవాదికైనా జీవనోపాధిని పణం పెట్టడమే.

‘స్వరాజ్య’

లక్నో ఒప్పందం నాటి నుంచి ప్రకాశం కాంగ్రెసు మహాసభలకు క్రమంగా వెళ్తూ వచ్చారు. 1921లో సత్యాగ్రహ ప్రతిజ్ఞ చేసి, న్యాయవాద వృత్తి మానేశారు. అప్పటికి ఆయన వయసు 49 ఏళ్ళు. సంపాదన పతాక స్థాయిలో ఉంది. అదే ఏడాది అక్టోబరులో ‘స్వరాజ్య’ మొదలైంది. ఇంగ్లీషు, తెలుగు, తమిళ భాషల్లో పత్రిక నడపాలన్నది సంకల్పం. డిసెంబరులో అహమ్మదాబాదు కాంగ్రెసు ఆయనను ప్రధాన కార్యదర్శిగా ఎన్నుకుంది.

మూడు భాషల్లో పత్రిక అన్న ఆలోచన వెనుక మద్రాసు స్వరూపం ఉంది. ఈ ఊళ్ళో తెలుగువారు, తమిళులు పక్కపక్క ఇళ్ళల్లో ఉంటారు. ఉద్యోగులకు, విద్యార్థులకు ఇంగ్లీషు కావాలి. ‘ది హిందూ’ అప్పటికే పాతుకుపోయిన పత్రిక, స్వభావం నెమ్మది. గాంధీ కార్యక్రమాన్ని తడుముకోకుండా, గట్టి గొంతుతో చెప్పే దినపత్రిక దక్షిణాదిలో కావాలని ప్రకాశం భావించారు. ఆంధ్ర దేశమంతా తిరిగి వాటాలు అమ్మారు. వచ్చిన పెట్టుబడి చాలనప్పుడు సొంత డబ్బు పెట్టారు. అదీ చాలనప్పుడు ఆస్తులు కరిగించారు.

పత్రిక ప్రతిభావంతులను ఆకర్షించింది. పాత్రికేయుడు ఖాసా సుబ్బారావు ఇక్కడే ఎదిగారు. చరిత్రకారుడిగా, దౌత్యవేత్తగా తరువాత పేరుపొందిన కె.ఎం. పణిక్కర్ కొంతకాలం పనిచేశారు. జీతాలు నెలల తరబడి అందకపోయినా సిబ్బంది పని మానలేదు. యజమాని తమకంటే ఎక్కువ పోగొట్టుకుంటున్నారని వారికి తెలుసు. పత్రికలో పనిచేసిన ఎంతోమందికి అది దక్షిణాదిలో జాతీయ పత్రికారచనకు బడిగా నిలిచింది.

సర్కారు వైపు నుంచి దెబ్బలు ఆగలేదు. 1930లో పత్రికల మీద ఆర్డినెన్సు వచ్చి భారీ ధరావతు అడిగారు. పత్రిక ఆగింది. 1931లో గాంధీ–ఇర్విన్ ఒప్పందం తరువాత మళ్ళీ వచ్చింది. మళ్ళీ డబ్బు కటకట. మళ్ళీ ఆగడం, మళ్ళీ లేపే ప్రయత్నం. చివరికి అప్పులే మిగిలాయి. ప్రకాశానికి వ్యాపార నిర్వహణ చేతకాలేదన్న విమర్శలో నిజం ఉంది. లెక్కల పుస్తకం దగ్గర ఆయన ఓడిపోయారు. కానీ ప్రకటనలిచ్చే కంపెనీలు చాలావరకు తెల్లవారివైన కాలంలో, అచ్చేసే ప్రతి సంచిక మీద ధరావతు పోతుందన్న భయం వేలాడుతున్నప్పుడు, ఎంత సమర్థుడైన నిర్వాహకుడికైనా అది లాభాల బేరం అయ్యేది కాదు.

పాల్గొన్న ఉద్యమాలు

ప్రకాశం మద్రాసులో కూర్చుని సంపాదకీయాలు రాసే నాయకుడు కారు. గొడవ జరిగిన చోటికి స్వయంగా వెళ్ళి చూడటం ఆయన పద్ధతి. పంజాబులో అకాలీల సత్యాగ్రహం జరిగినప్పుడు అక్కడికి వెళ్ళారు. ముల్తానులో హిందూ ముస్లిం అల్లర్లు చెలరేగినప్పుడు అక్కడికీ వెళ్ళారు. మలబారులో మాప్పిళ్ళ తిరుగుబాటు కాలంలో బయటివారు రాకూడదన్న నిషేధాన్ని లెక్కచేయకుండా పర్యటించారు. ఫలితంగా ప్రభుత్వం ఊటీ ఆస్తిని జప్తు చేసింది. 1926లో కేంద్ర శాసనసభకు ఎన్నికయ్యారు.

1928 ఫిబ్రవరి 3

భారత రాజ్యాంగ సంస్కరణలను పరిశీలించడానికి బ్రిటిషు ప్రభుత్వం నియమించిన సైమన్ కమిషన్‌లో ఒక్క భారతీయుడూ లేడు. 1927 డిసెంబరులో మద్రాసులోనే జరిగిన కాంగ్రెసు మహాసభ దాన్ని బహిష్కరించాలని తీర్మానించింది. సంపూర్ణ స్వాతంత్ర్యమే లక్ష్యమన్న తీర్మానం కూడా ఆ సభే చేసింది. కమిషన్ సభ్యులు 1928 ఫిబ్రవరి 3న బొంబాయి రేవులో దిగారు. ఆ రోజు దేశమంతా హర్తాళ్.

మద్రాసులో హర్తాళ్‌కు గుండెకాయ జార్జిటౌన్. దుకాణాలు మూతపడితే ఊరి వ్యాపారమంతా ఆగేది ఇక్కడే. హైకోర్టు పక్కన, ప్యారీస్ కార్నర్ దగ్గర జనం గుమిగూడారు. పోలీసులు కాల్పులు జరిపారు. ఒక యువకుడు అక్కడికక్కడే ప్రాణం విడిచాడు. శవం దగ్గరికి ఎవరూ రాకుండా తుపాకులు పట్టుకున్నవారు అడ్డంగా నిలిచారు. కబురు తెలిసి ప్రకాశం అక్కడికి వచ్చారు. మృతుణ్ణి చూడాలన్నారు. వెళ్తే కాలుస్తామన్నారు. ఆయన చొక్కా విప్పి రొమ్ము చూపి, చేతనైతే కాల్చమన్నారు. చుట్టూ జనం. తుపాకులు దించి ఆయనకు దారి ఇవ్వవలసి వచ్చింది.

అప్పటికి ప్రకాశం వయసు 55. కేంద్ర శాసనసభ సభ్యుడు. చట్టాన్ని వాదించి తాను పేరు తెచ్చుకున్న కోర్టు ఎదురుగానే చట్టం పేరిట జరిగిన హింసను ఎదిరించారు. శవాన్ని చూసే హక్కు కోసం, చనిపోయినవాడికి దక్కాల్సిన మర్యాద కోసం ఆయన ఆ తెగువ చూపారు. ఆ తరువాత నుంచి ఆంధ్రదేశం ఆయనను ‘ఆంధ్రకేసరి’ అని పిలిచింది.

ఉప్పు సత్యాగ్రహం నుంచి క్విట్ ఇండియా వరకు

1930లో గాంధీ దండిలో ఉప్పు చట్టాన్ని ధిక్కరించినప్పుడు ప్రకాశం శాసనసభ సభ్యత్వానికి రాజీనామా చేసి, మద్రాసు తీరంలో ఉద్యమానికి నాయకత్వం వహించారు. నాగేశ్వరరావు పంతులు తోడున్నారు. నాయకులు అరెస్టయ్యాక దుర్గాబాయి ఉద్యమ భారాన్ని తలకెత్తుకున్నారు. తరువాతి కాలంలో మద్రాసులో ఆంధ్ర మహిళా సభను నిర్మించిన ఆ దుర్గాబాయి అప్పటికి ఇరవై ఏళ్ళ యువతి. ఒక తరం నాయకులు జైలుకెళ్తే మరో తరం నిలబడుతుందని మద్రాసు వీధులు అలా చూశాయి.

1937 ఎన్నికల్లో కాంగ్రెసు గెలిచి రాజగోపాలాచారి మంత్రివర్గం ఏర్పడినప్పుడు ప్రకాశం రెవెన్యూ మంత్రి అయ్యారు. జమీందారీల స్థితిగతులను విచారించే సంఘానికి అధ్యక్షత వహించి, తెలుగు జిల్లాలతో సహా రాష్ట్రమంతటా రైతుల వాంగ్మూలాలు సేకరించారు. 1938లో నివేదిక ఇచ్చారు. భూమి మీద హక్కు రైతుదేనని, జమీందారు శిస్తు వసూలుచేసే మధ్యవర్తి మాత్రమేనని, శిస్తులను 1802 నాటి శాశ్వత సెటిల్‌మెంటు స్థాయికి తగ్గించాలని ఆ నివేదిక చెప్పింది. భారత్‌ను సంప్రదించకుండా రెండో ప్రపంచ యుద్ధంలోకి దించినందుకు నిరసనగా కాంగ్రెసు మంత్రివర్గాలు 1939లో రాజీనామా చేయడంతో అది చట్టం కాలేదు. అయినా 1948లో మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చేదాకా ఆ చర్చకు ప్రకాశం నివేదికే పునాదిగా ఉంది. న్యాయవాదిగా ఆయన నేర్చిన విద్య రైతుకు అత్యంత ఉపయోగపడిన సందర్భం ఇదే.

1941లో వ్యక్తి సత్యాగ్రహం చేశారు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో అరెస్టయి, డెబ్బై ఏళ్ళ వయసులో మూడేళ్ళకు పైగా జైల్లో గడిపారు. ‘నా జీవిత యాత్ర’ పేరిట వచ్చిన ఆత్మకథ స్వాతంత్ర్యోద్యమ కాలపు తెలుగు దేశానికి ముఖ్యమైన ఆధారం. దాని చివరి భాగాన్ని ఆయన అనుచరుడు తెన్నేటి విశ్వనాథం పూర్తిచేశారు.

మద్రాసు రాష్ట్ర ప్రధాని

1946 ఎన్నికల తరువాత కాంగ్రెసు పెద్దల మొగ్గు రాజగోపాలాచారి వైపు ఉంది. ఆయనను కామరాజ్ వర్గమూ, ప్రకాశం వర్గమూ వ్యతిరేకించాయి. ప్రజలు తనకిచ్చిన పర్సుల డబ్బును సొంతానికి వాడుకోవడం మీద గాంధీజీ ప్రకాశాన్ని తప్పుపట్టారు. సంపాదించే వృత్తిని దేశం కోసం వదిలేసి, ఉన్న ఆస్తి పత్రికకు పోసిన మనిషి ప్రజల ఆదరణ మీదే బతకవలసి వచ్చింది. ప్రజాసేవకుడు ఎలా బతకాలన్న ప్రశ్నకు ఆ తరంలో ఇద్దరు నిజాయితీపరులు భిన్నమైన జవాబులు ఇచ్చారన్నది ఈ వివాదం సారాంశం. శాసనసభ్యులు ప్రకాశాన్ని ఎన్నుకున్నారు. 1946 ఏప్రిల్ 30న ప్రధాని పదవి చేపట్టి, 1947 మార్చి 23 వరకు కొనసాగారు.

పదకొండు నెలల పాలనలో ఆయన పల్లెల వైపు చూశారు. ఫిర్కా అభివృద్ధి పథకం ద్వారా గ్రామాల సముదాయాలను ఎంచుకుని తాగునీరు, రోడ్లు, ఖద్దరు, సహకార సంఘాలు అందించే పని మొదలైంది. కొత్త బట్టల మిల్లులు వద్దని, చేనేతకు, ఖద్దరుకు ప్రాధాన్యమివ్వాలని పట్టుపట్టారు. పరిశ్రమల వర్గాలు, సొంత పార్టీవారే దీన్ని తీవ్రంగా విమర్శించారు. యుద్ధం తరువాతి బట్ట కరువులో ఆ విధానం ఆచరణకు నిలిచేది కాదన్న వాదన బలమైనదే. అయితే గాంధీ ఆర్థిక సిద్ధాంతాన్ని ఒక రాష్ట్ర ప్రభుత్వ విధానంగా అమలుచేయడానికి పూనుకున్న అరుదైన ప్రయత్నంగా దాన్ని గుర్తుంచుకోవాలి. పార్టీ అంతర్గత కలహాల్లో ఆయన మంత్రివర్గం పడిపోయి, ఓమందూరు రామస్వామి రెడ్డియార్ ప్రధాని అయ్యారు.

మద్రాసు నుంచి కర్నూలుకు

ప్రకాశం తరువాత కాంగ్రెసును వీడి ప్రజాపార్టీ పెట్టారు. ఆచార్య కృపలానీ నాయకత్వంలోని కిసాన్ మజ్దూర్ ప్రజాపార్టీతో అది కలిసింది. 1952 ఎన్నికల తరువాత మద్రాసులో కాంగ్రెసేతర పక్షాలు ఆయన నాయకత్వంలో ఐక్య ప్రజాస్వామ్య సంఘటనగా ఏర్పడి ప్రభుత్వానికి పిలుపు కోరాయి. గవర్నరు రాజగోపాలాచారిని పిలిచారు.

అప్పటికి ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోసం ఉద్యమం తీవ్రరూపం దాల్చింది. పొట్టి శ్రీరాములు 1952 అక్టోబరు 19న మద్రాసులో, మైలాపూరులోని బులుసు సాంబమూర్తి ఇంట్లో నిరాహార దీక్ష ప్రారంభించి, డిసెంబరు 15న అమరులయ్యారు. నాలుగు రోజులకే ప్రధాని నెహ్రూ ఆంధ్ర రాష్ట్రాన్ని ప్రకటించారు. మద్రాసు నగరం మీద తెలుగువారికి హక్కుందని ప్రకాశం గట్టిగా వాదించారు. నలభై ఏళ్ళకు పైగా ఆ ఊరిలో శ్రమపడిన మనిషికి అది పటంలో గీత మాత్రం కాదు. ఆ వాదన నెగ్గలేదు.

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. 81 ఏళ్ళ ప్రకాశం తొలి ముఖ్యమంత్రి అయ్యారు. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, కృష్ణానది మీద విజయవాడలో కొత్త బ్యారేజీ నిర్మాణం ఆ కాలంలో మొదలయ్యాయి. మద్యనిషేధం విషయమై 1954 నవంబరులో శాసనసభలో ఓడిపోయి ప్రభుత్వం దిగిపోయింది. 1957 మే 20న హైదరాబాదులో ప్రకాశం కన్నుమూశారు. ఆయన చేతిలో ఆస్తి అంటూ ఏమీ మిగల్లేదు.

ఆఫ్రికా నాయకులతో పోలిక

ప్రకాశం చనిపోవడానికి రెండున్నర నెలల ముందు, 1957 మార్చి 6న ఘనా స్వతంత్రమైంది. దాని నాయకుడు క్వామే ఎన్‌క్రుమా గాంధీ మార్గం నుంచి ప్రేరణ పొంది 1950లో ‘పాజిటివ్ యాక్షన్’ పేరిట సమ్మెలు, శాసనోల్లంఘన నడిపి జైలుకెళ్ళినవాడు. వలస పాలనను ఎదిరించిన నాయకుల జీవితాలను పక్కపక్కన పెడితే ఒక ఉమ్మడి లక్షణం కనిపిస్తుంది. వారిలో చాలామంది పత్రిక పెట్టారు. దక్షిణాఫ్రికాలో జాన్ డూబే 1903లో జూలూ భాషలో ‘ఇలాంగా లాసే నాటాల్’ ప్రారంభించారు. అదే ఏడాది, అదే నాటాల్‌లో గాంధీ సహచరులు ‘ఇండియన్ ఒపీనియన్’ వెలువరించారు. కెన్యాలో జోమో కెన్యాట్టా 1928లో గికుయు భాషలో ‘ముయిగ్విథానియా’ నడిపారు. నైజీరియాలో న్నమ్‌డి అజికివే 1937లో ‘వెస్ట్ ఆఫ్రికన్ పైలట్’, నేటి ఘనాలో ఎన్‌క్రుమా 1948లో ‘అక్రా ఈవెనింగ్ న్యూస్’ మొదలుపెట్టారు.

కారణం సులువుగానే తెలుస్తుంది. వలస రాజ్యంలో శాసనసభలో మాట విలువ తక్కువ, సభలకు అనుమతి సర్కారు చేతిలో ఉండేది. పల్లెలో చదువుకున్న ఒక్కడు చదివి వినిపిస్తే పదిమందికి చేరే సాధనం పత్రికే. ఈ నాయకుల వరుసలో ప్రకాశం ముందువారిలో ఒకరు. వీరిలో కొందరు పత్రిక నుంచి పదవికి ఎదిగారు. ప్రకాశం పదవి దాకా వెళ్ళినా, పత్రిక వల్ల పోయిన ఆస్తిని మాత్రం ఎన్నడూ తిరిగి కూడగట్టుకోలేదు.

వారసత్వం

విజయవాడ దగ్గరి కృష్ణా బ్యారేజీ 1957లో పూర్తయి ప్రకాశం బ్యారేజీ అయింది. 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాకు 1972లో ఆయన పేరు పెట్టారు. అదే ఏడాది శతజయంతికి తపాలా బిళ్ళ వెలువడింది. ఆయన జీవితం మీద విజయచందర్ 1983లో ‘ఆంధ్రకేసరి’ చలనచిత్రం తీశారు. ఒంగోలులో ఆయన బిరుదు పేరిట విశ్వవిద్యాలయం ఉంది. ‘స్వరాజ్య’ పేరును ఆయన పూర్వ సహచరుడు ఖాసా సుబ్బారావు 1956లో మద్రాసులో మొదలుపెట్టిన ఇంగ్లీషు వారపత్రికకు పెట్టుకున్నారు. గాయని, నటి టంగుటూరి సూర్యకుమారి ఆయన తమ్ముడి కుమార్తె.

పరిపాలకుడిగా ప్రకాశం గురించి భిన్నాభిప్రాయాలు ఉండవచ్చు. పార్టీలు మారారన్న విమర్శ ఉంది, లెక్కలు చూసుకోలేదన్న విమర్శా ఉంది. కానీ ఆయన ప్రజాజీవితాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివితే ఒక నియమం తప్పని తీరు కనిపిస్తుంది. బిపిన్ చంద్రపాల్ సభ, మాప్పిళ్ళ గ్రామాలు, ప్యారీస్ కార్నర్, జమీందారీ రైతు – ఇతరులు వెనుకాడిన చోటికి ఆయన వెళ్ళారు. దాని ధర సొంత జేబులోంచి చెల్లించారు. అప్పు, వడ్డీ, పూచీ, తాకట్టు మీద నడిచే వీధుల పక్కనే ఆయన బతికారు. సంపాదించినదంతా ఒక పత్రిక మీద, ఒక దేశం మీద పెట్టి, తిరిగి రాబట్టుకోవాలని ఎన్నడూ అనుకోలేదు. స్వాతంత్ర్యోద్యమంలో మద్రాసు తెలుగువారు పోషించిన పాత్రను అంచనా వేసేటప్పుడు ‘స్వరాజ్య’ను ప్యారీస్ కార్నర్ ఘటనతో సమానంగా లెక్కించాలి. తెలుగు పాఠ్యపుస్తకాలు ఈ రెండింటినీ పక్కపక్కన చెబితేనే ఆంధ్రకేసరి పూర్తి రూపం కొత్త తరాలకు అందుతుంది.